ఊరి పక్కన కంకర క్వారీ విస్తరణ: తీర్మానంతో పాటు పాత లీజు లెక్కలు తీయండి

మిగతావాళ్లకు కూడా అర్థమయ్యేలా మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీ ఊరి గుట్ట మీద 2017 నుంచి 4.5 హెక్టార్లలో కంకర క్వారీ, దాని పక్కనే క్రషర్ నడుస్తున్నాయి. ఇప్పుడు ఆనుకుని ఉన్న మరో 6 హెక్టార్ల ప్రభుత్వ భూమిని కలుపుకుని విస్తరిస్తామని యజమాని దరఖాస్తు పెట్టుకున్నారు. వచ్చే నెల ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో ప్రకటన పడింది. గ్రామసభలో వ్యతిరేక తీర్మానం చేస్తే ఇది ఆగిపోతుందా, ఇంకేమైనా చేయాలా అని అడిగారు.

తీర్మానం తప్పకుండా చేయండి. కానీ అదొక్కటే దీన్ని ఆపదు. నేను మొదట క్వారీల సర్వే పనుల్లో, తర్వాత పర్యావరణ నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీల్లో పనిచేశాను. ఇప్పుడు ఊళ్ల తరఫున ఆ నివేదికలు చదివిపెడుతున్నాను. ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. కొత్త క్వారీని అడ్డుకోవాలంటే రేపు ఏం జరగబోతుందో ఊహించి వాదించాలి. విస్తరణ విషయంలో ఆ అవసరం లేదు. ఇప్పటిదాకా ఏం జరిగిందో చూపిస్తే చాలు. యజమాని పాత లీజులో ఎలా తవ్వారన్నదే మీ చేతిలో ఉన్న బలమైన ఆధారం. చాలా ఊళ్లు దాన్ని వదిలేసి, ప్రజాభిప్రాయ సేకరణ సభలో నినాదాలు చేసి ఇంటికొస్తున్నాయి.

ముందు పంచాయతీ సంగతి చెప్పేస్తాను. కంకర, గ్రావెల్, ఇసుక చిన్నతరహా ఖనిజాలు. 1957 నాటి గనుల చట్టం సెక్షన్ 15 ప్రకారం వీటి లీజులపై నియమాలు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. లీజు ఇచ్చేది గనుల శాఖ, భూమికి అభ్యంతరం లేదనే పత్రం, అంటే ఎన్‌ఓసీ ఇచ్చేది రెవెన్యూ శాఖ. మైదాన ప్రాంతంలో పంచాయతీ కాదన్నంత మాత్రాన చట్టప్రకారం లీజు రద్దు కాదు. గిరిజనుల రక్షణకు ప్రకటించిన షెడ్యూల్డ్ ఏరియాలో కథ వేరు. అక్కడ 1996 నాటి పెసా చట్టం కింద గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ ముందస్తు సిఫారసు లేకుండా చిన్నతరహా ఖనిజాలకు లీజు ఇవ్వకూడదు. అక్కడి ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వడం చెల్లదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీరు రాసినదాన్ని బట్టి మీది మైదాన ప్రాంతమే. కాబట్టి మీ తీర్మానాన్ని వీటోలా కాకుండా సాక్ష్యంగా వాడుకోవాలి. ‘మాకు క్వారీ వద్దు’ అని ఒక్క వాక్యం రాసి సంతకాలు పెట్టకండి. ఏ సర్వే నంబరులో ఎవరి బోరు ఎండింది, ఏ వీధిలో గోడలు పగిలాయి, టిప్పర్లు ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా తిరుగుతున్నాయి, గుట్ట మీద మేతకు వెళ్లే మందలు ఎన్ని అన్నవి తీర్మానంలోనే రాయించండి. పంచాయతీ కార్యదర్శి సంతకం, తేదీ, నంబరు ఉన్న అధికారిక కాగితం అది. రేపు ఏ కమిటీ ముందైనా, ఏ ట్రిబ్యునల్‌లోనైనా పనికొస్తుంది.

భూమి వినియోగం మీద అసలు పరిశీలన జరిగేది తహసీల్దార్ నివేదికలో. కొత్తగా అడుగుతున్న 6 హెక్టార్లు పాత రికార్డుల్లో ఏమని ఉందో చూడండి. ఆంధ్రలో అయితే ఆర్‌ఎస్‌ఆర్, డైగ్లాట్, అడంగల్. తెలంగాణలో అయితే సేత్వార్, పహాణీ. గుట్ట పోరంబోకు అని ఉంటే ఒక దారి. మేత పోరంబోకు, వాగు, చెరువు శిఖం అని ఉంటే పూర్తిగా వేరే దారి. ఊరుమ్మడి భూముల్ని కాపాడాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఎన్‌ఓసీ ఇచ్చే ముందు ఆ స్థలం చూశారా, పక్క రైతులకు నోటీసు ఇచ్చారా, వాగు సర్వే శాఖ పొలం పటాల పుస్తకమైన ఎఫ్‌ఎంబీలో ఎక్కడుంది అన్నవి సమాచార హక్కు కింద అడగండి. జవాబుకు 30 రోజులు పట్టొచ్చు కాబట్టి ఆ దరఖాస్తు ఇవాళే పెట్టండి.

ఇక అసలు విషయానికి వస్తాను.

పాత లీజు 4.5 హెక్టార్లు. 5 హెక్టార్ల లోపు, అంటే సుమారు 12.35 ఎకరాల లోపు క్వారీ ఒక్కటే ఉంటే ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే పర్యావరణ అనుమతి వచ్చేస్తుంది. అందుకే 2017లో మిమ్మల్ని ఎవరూ అడగలేదు. ఇప్పుడు రెండూ కలిపితే 10.5 హెక్టార్లు అవుతుంది కాబట్టి అడగక తప్పలేదు. మీ ఊరికి ఈ క్వారీ గురించి నోరు తెరిచే అవకాశం చట్టప్రకారం రావడం ఇదే మొదటిసారి.

2017 అన్నారు కాబట్టి ఇంకో ముఖ్యమైన సంగతి. 2016 జనవరి 15 నుంచి కొంతకాలం చిన్న క్వారీలకు జిల్లా స్థాయి కమిటీలే అనుమతులు ఇచ్చేవి. ఆ పద్ధతి సరికాదని 2018 సెప్టెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. అలా ఇచ్చిన అనుమతుల్ని రాష్ట్ర స్థాయిలో మళ్లీ పరిశీలించాలని కేంద్ర పర్యావరణ శాఖ 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది. మీ క్వారీ అనుమతి జిల్లా కమిటీ ఇచ్చిందా, ఇచ్చి ఉంటే మళ్లీ పరిశీలన జరిగిందా అన్నది మీ మొదటి ప్రశ్న కావాలి. పునాది సరిగా లేని అనుమతి మీద విస్తరణ ఎలా కడతారని సభలో నిలదీసి అడగండి.

తర్వాత షరతులు. పర్యావరణ అనుమతి పత్రంలో ఏడాదికి ఎంత తవ్వాలి, ఎంత లోతు వెళ్లాలి, చుట్టూ ఎన్ని మొక్కలు పెంచాలి, రోడ్డు మీద నీళ్లు ఎలా చల్లాలి అని వరుసగా ఉంటాయి. వాటిని ఎలా పాటిస్తున్నారో ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న నివేదిక ఇవ్వాలి. విస్తరణ అడిగేవాళ్లు పాత షరతులు పాటించినట్టు ధ్రువీకరణ నివేదిక కూడా తెచ్చుకోవాలి. అది కేంద్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయం ఇస్తుంది, కాలుష్య నియంత్రణ మండలి నుంచి కూడా తీసుకోవచ్చు. ఈ నివేదిక కోసం అధికారులు క్వారీకి వచ్చినప్పుడు మీ ఊరివాళ్లు అక్కడ ఉండాలి. రెండు రోజుల ముందు తెచ్చి నాటిన మొక్కల్ని ఎన్నో ఏళ్ల గ్రీన్‌బెల్ట్‌గా చూపించడం చాలా మామూలుగా జరుగుతుంది. మొక్క మొదలు దగ్గర మట్టి చూస్తే తెలిసిపోతుంది. ఫొటో తీసి పెట్టుకోండి.

ఇప్పుడు చెప్పేది ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని, బహుశా అన్నిటికంటే విలువైనది కూడా ఇదే. పర్యావరణ అనుమతుల దరఖాస్తులుండే కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ వెబ్‌సైట్‌లో ఈ ప్రతిపాదన నంబరు కొట్టి చూడండి. దరఖాస్తు, మైనింగ్ ప్లాన్‌తో పాటు కేఎంఎల్ అనే చిన్న ఫైలు ఉంటుంది. లీజు హద్దులు అందులో ఉంటాయి. దాన్ని కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్‌లో తెరిస్తే మీ గుట్ట మీద గీత పడుతుంది. పైన గడియారం గుర్తు నొక్కి పాత చిత్రాలకు వెళ్లండి. 2017, 2019, 2022, నిన్నమొన్నటిది, ఒక్కో ఏడాదీ గుంట ఎటు పాకిందో కళ్లముందు కనిపిస్తుంది. హద్దు నుంచి లోపలికి 7.5 మీటర్ల పట్టీ తవ్వకుండా వదలాలి. అది వదిలారా? గీత దాటి బయటికి వెళ్లారా? చాలాచోట్ల కొత్తగా అడుగుతున్న స్థలంలో ఇప్పటికే కొంత తవ్వేసి ఉంటుంది. అలా దొరికితే స్కేలు, చిత్రం తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి రంగుల్లో ప్రింట్ వేయించండి. ఉపగ్రహ చిత్రం అక్కడక్కడా కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉంటుంది కాబట్టి రెండు మూడు మీటర్ల తేడాను పట్టుకుని గొడవపడొద్దు. ఇరవై, ముప్పై మీటర్లు దాటితే గట్టిగా పట్టుకోండి. ఉపగ్రహ సంకేతాలతో హద్దులు కచ్చితంగా కొలిచే డీజీపీఎస్ సర్వే చేయమని గనుల శాఖను రాతపూర్వకంగా అడగండి.

అదే బొమ్మ మీద గుంట విస్తీర్ణం కొలవొచ్చు. ఉదాహరణకు 2 హెక్టార్ల మేర సగటున 15 మీటర్ల లోతు తవ్వారనుకుందాం. 20,000 చదరపు మీటర్లను 15తో గుణిస్తే 3 లక్షల ఘనపు మీటర్లు. గట్టి రాయి ఘనపు మీటరు సుమారు 2.6 టన్నులు తూగుతుంది, అంటే 7.8 లక్షల టన్నులు. ఇన్నేళ్లలో ఎన్ని టన్నులకు పర్మిట్లు తీసుకున్నారు, ఖనిజం తీసినందుకు ప్రభుత్వానికి ఎంత సీనరేజీ రుసుము కట్టారు అన్నది గనుల శాఖ సహాయ సంచాలకుడి (ఏడీ) కార్యాలయంలో దొరుకుతుంది. పర్మిట్లు ఘనపు మీటర్లలో ఉంటే అవి గట్టి రాయి లెక్కా, పగలగొట్టిన కంకర లెక్కా అని తప్పకుండా అడగండి. పగలగొట్టాక పరిమాణం బాగా పెరుగుతుంది. టన్నుల్లోకి మార్చి పోలిస్తేనే లెక్క నిలబడుతుంది. పైమట్టి, పనికిరాని రాయి కింద కొంత తీసేయాలి కూడా. ఇవన్నీ పోయాక కూడా పెద్ద తేడా మిగిలితే అది మామూలు విషయం కాదు. పర్యావరణ అనుమతి లేకుండా, లేదా అందులో చెప్పిన పరిమాణం దాటి తవ్వితే ఆ ఖనిజం మొత్తం విలువ వసూలు చేయాలని 2017 ఆగస్టులో కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

హైవే పనికి మట్టి, గ్రావెల్ తోలుతున్నాం కాబట్టి అనుమతి అక్కర్లేదని ఎవరైనా అంటే వెంటనే నమ్మకండి, ఏ ఉత్తర్వు కింద మినహాయింపు ఉందో చూపించమనండి. రోడ్ల లాంటి పనులకు మామూలు మట్టి తవ్వకానికి 2020లో కేంద్రం ఇచ్చిన మినహాయింపును 2024 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది.

పర్యావరణ నివేదిక ముసాయిదా జిల్లా కలెక్టర్ కార్యాలయంలో, జిల్లా పరిషత్‌లో, పరిశ్రమల కేంద్రంలో, సంబంధిత పంచాయతీలో ఉండాలి. దాని సారాంశం తెలుగులో ఉండాలి. లావుపాటి పుస్తకం చూసి టెన్షన్ పడొద్దు, మొత్తం చదవక్కర్లేదు. చుట్టుపక్కల వివరాల పట్టిక తీయండి. ‘దగ్గరి జనావాసం 1.2 కిలోమీటర్లు’ అని ఉంటుంది. ఆ దూరం ఊరి మధ్యలోని పంచాయతీ ఆఫీసుకు కొలిచిందై ఉంటుంది. గుట్ట కింద ఉన్న ఎస్సీ కాలనీనో, పొలాల్లోని ఇళ్లనో లెక్కలోకి తీసుకోరు. కన్సల్టెన్సీల్లో పనిచేసినప్పుడు నేను ఎక్కువగా చూసిన లోపం ఇదే. లీజు హద్దు నుంచి చివరి ఇంటికి దూరం మీరే కొలవండి. పేలుళ్లు జరిపే రాతి క్వారీకి ఇళ్లు, ప్రజల భవనాల నుంచి కనీసం 200 మీటర్లు, పేలుళ్లు లేకపోతే 100 మీటర్లు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సూచించింది. బడి, అంగన్‌వాడీ, గుడి, తాగునీటి ట్యాంకు, కుంట, వాగు కూడా విడివిడిగా కొలిచి పెట్టుకోండి. 500 మీటర్ల లోపల అదే రకం ఖనిజానికి వేరే లీజులున్నాయేమో కూడా చూడండి. ఉంటే వాటన్నిటినీ ఒకే క్లస్టర్‌గా లెక్కగట్టి ప్రభావం అంచనా వేయాలి. అయితే మూడేళ్లకు పైగా పని జరగని లీజులు, 2016 జనవరి 15 నాటికే అనుమతి ఉన్నవి విస్తీర్ణం లెక్కలోకి రావు.

టిప్పర్ల లెక్క నివేదికలో ఎప్పుడూ తక్కువ చేసి రాస్తారు. మీరే వేయండి. ఏడాదికి 3 లక్షల టన్నులని ప్రతిపాదిస్తే, 300 పనిదినాలకు రోజుకు 1,000 టన్నులు. టిప్పర్‌కు 20 టన్నుల చొప్పున 50 లోడ్లు. వచ్చేవి, పోయేవి కలిపి 100 సార్లు. పది గంటల పనిలో ప్రతి ఆరు నిమిషాలకూ బడి ముందు నుంచి ఒక టిప్పర్ వెళ్తుంది. ఈ ఒక్క వాక్యం సభలో చెబితే కలెక్టర్ తరఫున వచ్చిన అధికారి కూడా తలెత్తి వింటారు.

గోడల పగుళ్ల విషయంలో చాలా ఊళ్లు దెబ్బతింటున్నాయి. ‘ఇల్లు పాతది, అందుకే పగిలింది’ అని కొట్టిపారేస్తారు. దానికి జవాబు ఇప్పటి నుంచే సిద్ధం చేసుకోవాలి. పగులు పక్కన స్కేలు పెట్టి, తేదీ పడేలా ఫొటో తీయండి. పగులుకు అడ్డంగా సన్నటి గాజుముక్కను రెండు వైపులా సిమెంటుతో అతికించండి. గోడ కదిలితే గాజు విరుగుతుంది. పేలుడు జరిగిన తేదీ, టైము ఒక నోట్‌బుక్‌లో రాస్తూ ఉండండి. మామూలు ఇళ్ల దగ్గర పేలుడు ప్రకంపన తక్కువ పౌనఃపున్యంలో, అంటే 8 హెర్ట్జ్ లోపు, సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదని గనుల భద్రతా విభాగం 1997లోనే పరిమితి పెట్టింది. చివరి ఇంటి దగ్గర యంత్రం పెట్టి కొలిచారా, ఆ రీడింగులు ఎక్కడ అని అడగండి. పేలుడు పదార్థాలు ఎక్కడ, ఎవరి అధీనంలో ఉంటున్నాయో కూడా అడగండి. 2018లో కర్నూలు జిల్లా హత్తిబెళగల్‌లో, 2021లో కడప జిల్లా మామిళ్లపల్లె దగ్గర జరిగిన పేలుళ్లలో పోయినవి పొట్టకూటికి వచ్చిన కూలీల ప్రాణాలే.

క్రషర్‌కు విడిగా కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు ఉండాలి. దుమ్ము ఎగరకుండా మూతలు, నీటి జల్లు, గాలికి అడ్డుగోడ, ఆవరణలో గట్టి రోడ్డు ఉండాలి. యంత్రాలకు 3 నుంచి 10 మీటర్ల దూరంలో గాలిలో దుమ్ము ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాములు దాటకూడదు. ఊళ్లో గాలికి పీఎం 10, అంటే సన్నటి ధూళి, పరిమితి 24 గంటల సగటున 100 మైక్రోగ్రాములు. క్రషర్ దగ్గర పనిచేసినవాళ్లలో ఎడతెగని దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లుంటే డాక్టర్ చీటీలు, ఎక్స్‌రేలు జాగ్రత్త చేయించండి. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులకు వచ్చే సిలికోసిస్ ఒకసారి వచ్చాక నయం కాదు.

ప్రజాభిప్రాయ సేకరణ సభ రోజు గురించి. ఇది క్వారీ దగ్గరే లేదా దగ్గరలోనే జరగాలి, కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. కోరం అంటూ ఏమీ లేదు, కాబట్టి బహిష్కరిస్తే సభ ఆగదు. మీ మాట లేకుండా కాగితాలు పైకి వెళ్లిపోతాయి. దయచేసి బహిష్కరించకండి. కుర్చీలు విసరకండి. అలా జరిగితే మరుసటి రోజు పేపర్లో గొడవే వార్త అవుతుంది, మీ బోర్లు కాదు.

ఒక సభలో గొర్రెల కాపరి అయిన ఒక పెద్దాయన మైకు తీసుకుని, ఏ బండ పక్క నుంచి మంద ఎక్కుతుందో, ఏ కుంటలో ఏ నెల దాకా నీళ్లుంటాయో, క్వారీ వచ్చాక ఏ దారి మూసుకుపోయిందో వరుసగా చెప్పారు. ఆ మాటలు మినిట్స్‌లో పూర్తిగా ఎక్కాయి, దారి వదలాలని తర్వాత షరతు వచ్చింది. అంతకుముందు అరగంట మాట్లాడిన నాయకుడి ప్రసంగం ఒక్క లైనులో ముగిసింది. మీరు కూడా పదిమందిని ఎంచుకుని ఒక్కొక్కరికి ఒక్కో విషయం పంచండి. ఒకరు బోర్లు, ఒకరు బడి రోడ్డు, ఒకరు గీత దాటిన తవ్వకం. మాట్లాడినదే రాసి సంతకంతో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. మినిట్స్ అదే రోజు తెలుగులో చదివి వినిపించాలి. మీ మాట తప్పిపోతే అక్కడే లేచి చేర్చమనండి. సభకు రాలేనివాళ్లు కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా పంపవచ్చు.

మీ ఊళ్లోనే కొందరికి ఆ క్వారీలో పని ఉంటుంది, కొందరికి టిప్పర్లు ఉంటాయి. వాళ్లను శత్రువులుగా చూడొద్దు. మన ఇళ్లకు, రోడ్లకు రాయి కావాలి, అది ఎక్కడో ఒకచోట తవ్వాలి. కానీ రాసిచ్చిన షరతుల ప్రకారం తవ్వాలి. ఒకవేళ అనుమతి వచ్చేలా ఉందనిపిస్తే ఏమేం కావాలో ముందే రాసి పెట్టుకోండి. బడి వేళల్లో టిప్పర్లు ఆపడం, ఊరి బయట నుంచి వేరే రోడ్డు, పేలుళ్లకు నిర్ణీత సమయం, ముందుగా సైరన్, ఏటా మూడో పక్షంతో బోర్ల కొలత, గుంట చుట్టూ కంచె. వదిలేసిన క్వారీ గుంటల్లో ఈతకు దిగి పిల్లలు పోతున్న వార్తలు ప్రతి వేసవిలో చదువుతున్నాం, కంచె విషయంలో పట్టు వదలొద్దు. తవ్వకం అయిపోయాక పశువుల మేతకు పనికొచ్చేలా గడ్డి పెంచాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ షరతు కూడా అడగండి.

సభ తర్వాత కాగితాలు రాష్ట్ర స్థాయి నిపుణుల కమిటీకి, అక్కడి నుంచి అనుమతి ఇచ్చే రాష్ట్ర స్థాయి పర్యావరణ సంస్థ సియాకు వెళ్తాయి. వాళ్ల సమావేశాల ఎజెండా, మినిట్స్ పరివేష్‌లో పెడతారు, వారం వారం చూస్తూ ఉండండి. మీ కాగితాల సెట్టు ఒకటి నేరుగా వాళ్లకూ పంపండి. అనుమతి వచ్చేస్తే చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచిలో 30 రోజుల లోపు అప్పీలు వేయాలి. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల వరకు ఆలస్యాన్ని మన్నిస్తారు, ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది. నష్టపరిహారం అడగని అప్పీలుకు ఫీజు 1,000 రూపాయలే.

ఈ వారంలో రెండు పనులు చేయండి. సమాచార హక్కు దరఖాస్తులు తహసీల్దార్‌కు, గనుల శాఖ ఏడీకి, కాలుష్య నియంత్రణ మండలికి విడివిడిగా పెట్టండి. కేఎంఎల్ దించుకుని గుంట కొలవండి. ప్రతిపాదన నంబరు ఇక్కడ రాస్తే నేను కూడా తెరిచి హద్దులు సరిచూసి చెబుతాను.